తేజ మేత, జక్రయ్య శాలువా

సత్తెనపల్లి,
డిసెంబరు 2

ఒరేయ్ జక్రయ్యా,

నువ్వు నాకు అప్పజెప్పి వెళ్ళిన సరుకు క్షేమం. ముందు ఆ ముక్క రాసేస్తే నీ గుండె కుదుటపడి మిగతా ఉత్తరం నిదానంగా చదువుతావని మొదటే రాశాను. నీ కుక్క తేజ తింటోంది, తిరుగుతోంది, వీధిలో పోయే ప్రతి ఆటోనీ మేనమామది అయినట్టు గేటు దాకా వెళ్ళి పలకరిస్తోంది. దాని పడకకని నువ్విచ్చిన శాలువా కూడా భద్రంగా ఉంది.

పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి అమ్మాయి నవ్వింది. "ఫోన్ చేసుకోవచ్చు కదా తాతగారూ" అంది. "అమ్మా, మావాడికి చెవులు పోయాయి. నేను ఫోన్లో అరిస్తే ఈ వీధి మొత్తానికి వినపడుతుంది, వాడొక్కడికి తప్ప" అన్నాను. నా అక్షరాలు లావుగా ఉన్నాయని విసుక్కోకు. గుంటూరు యార్డులో ముప్పై ఎనిమిదేళ్ళు మిర్చి గోతాల మీద కుంచెతో రకం పేర్లు రాసిన చెయ్యి. చదివిన అయిదో తరగతి అయిదో తరగతి దగ్గరే ఆగిపోయింది, మిగతా చదువంతా పొట్లాలు కట్టిన పాత పేపర్లలోనే. అందుకే నాకు ఏ సంగతీ మొదలూ చివరా తెలియదు, మధ్యలో మాత్రం గట్టివాణ్ణి.

ఇంతకీ ఒక చిన్న విషయం. సైకిల్ షాపు పీరు ఉన్నాడు కదా, వాడి కుక్కకి ఒళ్ళంతా దురద. పొట్ట కింద వెంట్రుకలు ఊడుతున్నాయి. పశువుల ఆస్పత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, ఆరాధన గారని, చూసి, "కొన్నిటికి వరి, గోధుమ, మొక్కజొన్న పడవు. కొన్నాళ్ళు అసలు ధాన్యమే లేని డ్రై ఫుడ్ పెట్టి చూడండి" అందట. గ్రెయిన్ ఫ్రీ అంటారట దాన్ని. బజార్లో పది రకాలట. ఏది ఎంచుకోవాలో పాపం వాడికి తెలియడం లేదు. పశువుల ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు కాంపౌండరు చేసినవాడు నా స్నేహితుడే, అడిగి చెబుతానని మాటిచ్చాను. వాడి కోసమే సుమా. నాకెందుకు చెప్పు, మన తేజ నిక్షేపంలా ఉంటే!

అయినా ఈ గడ్డ మీద పుట్టిన కుక్కకి అన్నం పడకపోవడమేమిట్రా? మనకే రేషను బియ్యం అరుగుతున్నాయే.

ఇట్లు,
బుల్లయ్య

*

వేటపాలెం,
డిసెంబరు 10

బుల్లయ్యకు,

ఉత్తరం అందింది. పీరు దగ్గర కుక్క లేదు. కుక్కను చూస్తే సైకిల్ వదిలేసి గోడెక్కే మనిషి పీరు. కాబట్టి దురద తేజకే.

మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. ఒకటి, దురద ఒంటి మీద ఎక్కడెక్కడ? రెండు, ఇంతవరకూ ఏం పెట్టావు? మూడు, అది ఎక్కడ పడుకుంటోంది? వేరే కథలు వద్దు. జవాబులు చాలు.

నీకు తెలిసిందే అయినా రాస్తున్నాను. చెవులు పోయాక నాకు చెవులు ఆ కుక్కే. గేటు చప్పుడైతే వచ్చి లుంగీ అంచు పట్టుకుని లాగేది. కుక్కరు కూత వేస్తే వంటింటి దాకా లాక్కుపోయేది. ఇక్కడ మా అమ్మాయి రెబ్కా వాళ్ళది మేడమీద వాటా, కుక్కలు కూడదన్నారు. అందుకని నీ దగ్గర పెట్టాను. ఇచ్చెయ్యలేదు. వేసవికి కింది వాటా ఖాళీ అవుతుంది, ఇంటాయన కుక్కకు ఒప్పుకున్నాడు. అప్పటికి నా కుక్క నాకు కావాలి. చర్మంతో సహా.

జక్రయ్య

*

సత్తెనపల్లి,
డిసెంబరు 20

ఒరేయ్ జక్రయ్యా,

అబద్ధానికి పీరుని ఎంచుకోవడం నాదే బుద్ధితక్కువ. సరే, ఒప్పుకుంటున్నాను. కానీ నువ్వు చర్మం గిర్మం అని రాసేసరికి ఆ పూట నాకు ముద్ద దిగలేదు. దిగకపోయినా నష్టం లేదులే, డాక్టరు నాకూ అన్నం మానమన్నాడు. షుగరట. ఇప్పుడు ఈ ఇంట్లో మనిషీ, కుక్కా ఇద్దరూ గ్రెయిన్ ఫ్రీయే.

ఒకటో జవాబు: పొట్ట కింద, మోచేతుల దగ్గర, గడ్డం కింద. వీపు మీద ఏమీ లేదు. రెండో జవాబు: అన్నం, మజ్జిగ, పొద్దున నేను తినే పచ్చడి అన్నంలో చివరి ముద్ద. చివరి ముద్ద ఎవరికైనా పెట్టకుండా తినడం మా అమ్మ నేర్పలేదు, ఏం చెయ్యను?

ఇక మేత ఎంచుకున్న సంగతి విను. గుంటూరు బస్సెక్కాను. బస్టాండు వెనక సందులో మాలిక్ అని ఒకాయన కుక్కల సరుకుల కొట్టు పెట్టాడు. లోపలికి వెళితే నాకు మన యార్డు గుర్తొచ్చింది. అవే దొంతర్లు, అదే "ఇది బాగా మూవింగండీ" అనే మాట. మొదటి సంచీ మీద గోధుమ కంకి బొమ్మ వేసి అడ్డంగా ఎర్రగీత కొట్టారు. నేనెందుకు నమ్ముతాను? యార్డులో నాకు జీతమిచ్చింది నమ్మనందుకు కదా. పైన మేలుకాయ పరిచి అడుగున తాలుకాయ పోసిన గోతాలు ఎన్ని చూశానో. సంచీ తిరగేసి భూతద్దం పెట్టాను. ఎరువుల బస్తాల మీద నేర్చుకున్న ఇంగ్లీషు నాది, అయినా చిన్నక్షరాల్లో మొక్కజొన్న పిండి దొరికింది. ముందు కంకి కొట్టేసి, వెనకనుంచి జొన్న!

"సంచీ విప్పవయ్యా, నడుమ చెయ్యి పెట్టి చూడాలి" అన్నాను.

"విప్పితే కొన్నట్టే తాతగారూ" అన్నాడు మాలిక్.

చివరికి బతిమాలితే మూడు శాంపిలు పొట్లాలు ఇచ్చాడు. ఒకటి కోడి, చిలగడదుంప. ఒకటి గొర్రెమాంసం, శనగలు. ఒకటి చేప, బఠాణీ. అక్కడే స్టూలు మీద కూర్చుని బిళ్ళ విరిచాను, విరుపు చప్పుడు విన్నాను, వాసన చూశాను, నాలిక మీద వేసుకుని నమిలాను.

మాలిక్ కంగారుగా లేచాడు. "తాతగారూ, అది మనుషులది కాదండీ!"

"తెలుసయ్యా. వట్టి ఎండుమిరపకాయ కూడా మనుషులు తినేది కాదు. నేను ముప్పై ఎనిమిదేళ్ళు నమిలాను."

"తినేది మీరా, కుక్కా?"

"తినేది కుక్కే. కానీ దానికి నోరు లేదు కదా, నా నోరు అరువిస్తున్నాను."

కొట్లో ఉన్న ఇద్దరు అమ్మగార్లు తమ బొచ్చుకుక్కపిల్లలను నాకు దూరంగా జరుపుకున్నారు. నా తీర్పు ఇది: కోడిది మెత్తబడింది, పాత సరుకు. గొర్రెది మడ్డి వాసన. చేపది మాత్రం కరుకుగా విరిగింది, ఎండుచేపల సంతలో ఎవరో బఠాణీలు వేయిస్తున్నట్టుంది. వెనక అక్షరాల్లో బియ్యం, గోధుమ, మొక్కజొన్న ఏవీ లేవు. అదే తెచ్చాను. ఇంటికొచ్చి తేజ ముందు ఇంకోటి నమిలి చూపించాను. ఎదురుగా కూర్చుని నా నోటి వంకే చూసింది, షావుకారు ధర చెప్పేదాకా రైతు చూసినట్టు. నేను తలాడించాక తిన్నది.

మూడో జవాబు రాయడానికి కాగితం చాలలేదు.

బుల్లయ్య

*

వేటపాలెం,
జనవరి 4

బుల్లయ్యకు,

మేత ఎంచుకోవడం తప్పు కాదు. వెనక అక్షరాలు చదివావు, అది మంచి పని. కానీ ఒక మాట. ధాన్యం పడని కుక్కలను నా సర్వీసులో వేళ్ళ మీద చెప్పగలను. మాంసం పడనివి అంతకంటే ఎక్కువ చూశాను. అయినా డాక్టరమ్మ చెప్పింది కాబట్టి ఎనిమిది వారాలు పెట్టు. ఒక్కసారిగా మార్చకు, పాతదానిలో కొంచెం కొంచెం కలుపుతూ వారంలో మార్చు. తరవాత ఇంకేదీ నోట్లో పడకూడదు. మెతుకు కూడా. పచ్చడి ముద్ద సంగతి చదివి, లేచి వరండాలో రెండుసార్లు అటూ ఇటూ నడిచి వచ్చి మిగతాది చదివాను.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. క్రిస్మస్ రోజు రెబ్కా చర్చిలోనే ఉండిపోయింది. పాస్టరుగారు మా ఇంటికి వచ్చి తలుపు కొట్టి కొట్టి, నాకేమైనా అయిందేమోనని పక్కవాళ్ళను పిలిచి, కిటికీలోంచి చూశారట. నేను తలుపుకు వీపు పెట్టి కూర్చుని కేకు తింటున్నాను. మొన్న పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాసు వాసన రెబ్కా మెట్ల మీదనుంచే పట్టింది. అప్పటినుంచీ నన్ను వంటింట్లోకి రానివ్వడం లేదు.

కాగితం చాలకపోతే ఇంకోటి పెట్టుకోవచ్చు. మూడో ప్రశ్న అలాగే ఉంది.

జక్రయ్య

*

సత్తెనపల్లి,
ఫిబ్రవరి 12

ఒరేయ్ జక్రయ్యా,

గ్యాసు సంగతి రెండుసార్లు చదివాను. ఇక నీ కుక్కని బాగుచెయ్యందే నేను అన్నం ముట్టనని ఒట్టు వేసుకున్నాను. వేసుకున్నాక గుర్తొచ్చింది, ఎలాగూ ముట్టకూడదు కదా అని. ఒట్లు కూడా నాకు అనుకూలంగానే పడతాయి.

ఆరు వారాలైంది. ఒక్క మెతుకు పెట్టలేదు. అంటే, ఒక ఆదివారం నేను తలుపేసుకుని పెరుగన్నం కలుపుకున్నాను, నాకే. అది ఎదురుగా కూర్చుని, చివరి ముద్ద దాకా చూసి, తల పక్కకు తిప్పుకుంది. అంత క్షమ నేను తట్టుకోలేను. ముద్ద తీసుకెళ్ళి గోడవతల కోళ్ళకి వేశాను. కాబట్టి ఆ విషయంలో నేను నిర్దోషిని, షుగరు విషయంలో తప్ప.

కానీ దురద తగ్గలేదురా. పెరిగింది. పొట్ట కింద ఎర్రగా పొక్కింది, గీరుకుంటూ మూలుగుతోంది. చేప పడలేదేమోనని కోడికి మార్చాను. కోడి పడలేదేమోనని బాతుమాంసం, బంగాళదుంప అని ఇంకోటి తెప్పించాను. చివరికి మళ్ళీ చేపకే వచ్చాను. ప్రతి సంచీ ముందు నేనే నమిలాను. ఈ ఊళ్ళో బాతుమాంసం రుచి తెలిసిన శాకాహారిని బహుశా నేనొక్కణ్ణే. మాలిక్ ఇప్పుడు నన్ను చూడగానే స్టూలు వేసి, మంచినీళ్ళు కూడా పెడుతున్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళకి "మీరు తాతగారిని అడగండి, ఆయన తిన్నారు" అని చూపిస్తున్నాడు.

యార్డులకి కొత్త కాయ దిగుతోంది. ఎటు చూసినా ఎరుపే. పాత స్నేహితులు ఇంటి అవసరాలకని ఖాళీ గోతాలు ఇంకో రెండు ఇచ్చారు. మనిషి మానేసినా చెయ్యి ఊరుకోదు, వాటి మూలల్లో మిగిలిన తొడిమలు ఏరి రకం చెప్పేశాను, తేజ అని. ఎర్రటి ఒంటి రంగు చూసి ఆ మిర్చి పేరే కదా మనం కుక్కకి పెట్టుకున్నది.

డాక్టరమ్మ కూడా నీలాగే అడిగింది, ఎక్కడ పడుకుంటోందని. చెప్పవలసింది చెప్పాను. సుఖంగానే పడుకుంటోంది.

బుల్లయ్య

*

వేటపాలెం,
ఫిబ్రవరి 20

బుల్లయ్యా,

శాలువా ఎక్కడుంది?

జక్రయ్య

*

సత్తెనపల్లి,
మార్చి 1

ఒరేయ్ జక్రయ్యా,

శాలువా నా ట్రంకుపెట్టెలో ఉండేది. మొన్నటిదాకా.

నువ్వు రిటైరైన రోజు సభలో నేను మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను, గుర్తుందా? మెరూను రంగు, జరీ అంచు. నీ భుజాల మీద అది పడినప్పుడు నువ్వు ఒక్క అంగుళం పొడుగయ్యావు. నేను యార్డు మానేసిన రోజు మా షావుకారు లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండానే, "రేపట్నుంచి రానక్కర్లేదు బుల్లయ్యా" అన్నాడు. నా భుజాల మీద ఆ రోజు పడింది దుమ్ము ఒక్కటే, అది రోజూ పడేదే.

అలాంటిది నువ్వు ఆ శాలువా తెచ్చి, "దీనికి దీని మీద పడుకోవడం అలవాటు" అని కుక్కతోపాటు నా చేతిలో పెట్టి బస్సెక్కావు. నాకు దాన్ని నేల మీద పరచడానికి చెయ్యి రాలేదురా. ఉతికాను. ఆరేశాను. తలుపేసుకుని అద్దం ముందు కప్పుకుని చూశాను. ఒకసారి కాదు. నలుగురి ముందూ చెప్పుకోలేనిది నీకు చెబుతున్నాను, ఒకరోజు నాకు నేనే ఉపన్యాసం కూడా ఇచ్చుకున్నాను. "శ్రీ బుల్లయ్యగారు కాయ విరిచి రకం చెబితే తిరుగులేదని యార్డు యావత్తూ..." అని. సభ అంతా తేజ ఒక్కటే. తోక ఆడించింది. నేను చప్పట్లుగా తీసుకున్నాను.

శాలువా నేను కప్పుకుంటే దానికి పడక కావాలి కదా. మూలన మిర్చి గోతాలున్నాయి. మూడుసార్లు దులిపి, మడతేసి వేశాను. అది ఒకసారి వాసన చూసి, నా మొహం చూసి, పడుకుంది. ఆమధ్య వచ్చిన కొత్త గోతాలు కూడా పైన వేశాను, మెత్తగా ఉంటుందని.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మే ఇంటికొచ్చింది. గడప దాటుతూనే తుమ్మింది. ఒకటి, రెండు... ఏడు. కళ్ళు తుడుచుకుంటూ, "తాతగారూ, మిరపకాయలు వేయిస్తున్నారా?" అంది.

"పొయ్యే వెలిగించలేదమ్మా."

"మరి ఈ ఘాటేంటండీ?"

"ఏ ఘాటమ్మా?"

నటన కాదురా, నిజంగానే అడిగాను. కారం ఘాటు విషయంలో నా ముక్కు ఎప్పుడో యార్డులోనే పోయింది. ఆ అమ్మాయి తన తుమ్ముల వెంబడే నడుచుకుంటూ మూలకి వెళ్ళి, రెండు వేళ్ళతో గోతం అంచు ఎత్తి, నా వైపు తిరిగింది.

"శాలువా మీద అన్నారు నాతో."

"మూడుసార్లు దులిపానమ్మా."

"మీరు చొక్కా విప్పి దీని మీద ఒక్క గంట పడుకోండి. తరవాత మాట్లాడుకుందాం" అని తేజని తీసుకుని వరండాలో కూర్చుంది.

పడుకున్నాను. గంట కాదు, పావుగంట. ముక్కుకి తెలియని కారం వీపుకి తెలిసింది. వెల్లకిలా కూడా ఉండలేక బోర్లా తిరిగాను, అప్పుడు పొట్టకీ తెలిసింది. పొట్ట కింద, మోచేతుల దగ్గర, గడ్డం కింద. నీ మొదటి ప్రశ్నకి నేను డిసెంబరులో రాసిన జవాబు నా ఒంటి మీదే చదువుకున్నాను. ఆ మూగజీవి మూడు నెలలు దాని మీద పడుకుందిరా, నేను చూపించిన చోటు కాబట్టి. నేను దాని గిన్నెలో బియ్యం గింజ కోసం వెతుకుతూ గుంటూరు బస్సులెక్కాను.

గోతాలు తగలబెట్టలేదు, ఆ పొగకి ఊరు లేచిపోతుంది. ఊరవతల పారేశాను. ఇల్లు మూడుసార్లు కడిగించాను. శాలువా కింద పరిచాను. దాని మీద మూడు చుట్లు తిరిగి పడుకుని, ముక్కు జరీ అంచులో దూర్చింది. గుర్తుపట్టిందిరా.

నువ్వు వేసవిదాకా ఆగనక్కర్లేదు. రేపే వచ్చి తీసుకెళ్ళినా నేను ఏమీ అనలేను.

బుల్లయ్య

*

వేటపాలెం,
మార్చి 9

బుల్లయ్యకు,

ముందు మందు. రోజూ గోరువెచ్చని నీళ్ళతో కడుగు. డాక్టరమ్మ ఇచ్చింది తప్ప పసుపు, వేపనూనె, నీ తెలివి ఏదీ రాయకు. దాన్ని ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కో. అవి ముప్పై ఎనిమిదేళ్ళ చేతులు.

శాలువా సంగతి. మా ఆస్పత్రి ఆఫీసు అంతటికీ అది ఒక్కటే శాలువా. మొదట అటెండరు చెంచయ్యకు కప్పారు. సభ అయ్యాక మడిచి బీరువాలో పెట్టారు. రెండోసారి సూపరింటెండెంటుగారికి. మూడోసారి నాకు. ఆ నెలలోనే ఆఫీసు వేరే భవనానికి మారింది, బీరువా అక్కడ పట్టలేదు. అందుకని నాకు మిగిలింది. ఒక అంగుళం పొడుగయ్యానని రాశావు. లోపల చెంచయ్య మరిచిపోయిన గుండుసూది ఉంది, అది గుచ్చుకుని నిక్కాను.

నీ మీద కోపంగా ఉంది. శాలువా వల్ల కాదు. అడిగితే ఇచ్చేవాణ్ణి. మూడుసార్లు ఒకే ప్రశ్న అడిగించావు, ఆ మూడు నెలలూ అది గీరుకుంది. అందుకు కోపం.

ఏప్రిల్ ఇరవైన వస్తాను. అప్పటిదాకా నీ దగ్గరే ఉంచు. చెడగొట్టినవాడే బాగుచెయ్యాలి.

జక్రయ్య

*

సత్తెనపల్లి,
ఏప్రిల్ 8

ఒరేయ్ జక్రయ్యా,

పొట్ట కింద నూగు వచ్చింది. లేత పత్తికాయ పగిలినట్టు తెల్లగా, సన్నగా. డాక్టరమ్మ చూసి, "ధాన్యం తప్పేమీ లేదు తాతగారూ, మెల్లగా అన్నం కూడా పెట్టుకోవచ్చు" అంది. చూశావా? బియ్యం మీద మూడు నెలలు కేసు నడిపాను. ముద్దాయి నిర్దోషి. నేరం చేసినవాడు జడ్జి కుర్చీలో కూర్చుని బిళ్ళలు నములుతున్నాడు.

కాకపోతే చర్మం పూర్తిగా మానేదాకా మళ్ళీ మేత మార్చవద్దంది. చేపబిళ్ళల సంచీ ఇంకా సగం ఉంది, నీతో పంపిస్తాను.

ఇరవైన పొద్దున బస్సుకే రా. ఎండెక్కితే బస్సులో దానికి నాలుక బయటికొస్తుంది. శాలువా ఉతికి పెడతాను. గుండుసూది దొరికింది, నా దగ్గరే ఉంచుకుంటున్నాను, జ్ఞాపకార్థం.

బుల్లయ్య

*

వేటపాలెం,
ఏప్రిల్ 29

బుల్లయ్యకు,

కుక్క క్షేమంగా చేరింది. కింది వాటా బాగుంది. గేటు ఉంది, వేపచెట్టు నీడ ఉంది. పొట్ట కింద చర్మం నున్నగా ఉంది. నువ్వు బాగుచేశావు, ఒప్పుకుంటున్నాను.

కానీ రెండు సంగతులు సరిగా లేవు. నీ సంచీలో మేత అది ముట్టడం లేదు. గిన్నె పెడతాను. గిన్నె ముందు కూర్చుని నా మొహం వంకే చూస్తుంది. గంట చూస్తుంది. రెబ్కా ఉప్పూ కారం లేకుండా చేప ఉడకబెట్టి పెడితే రెండు ముక్కలు తిని లేచిపోతోంది. చిక్కిపోయింది. పళ్ళు చూశాను, చిగుళ్ళు చూశాను, జ్వరం లేదు.

రెండోది. తొమ్మిది రోజులైంది, ఒక్కసారి కూడా నా లుంగీ లాగలేదు. నిన్న గ్యాసు బండ తెచ్చినతను గేటు కొట్టి వెళ్ళిపోయాడు. అది వేపచెట్టు కింద పడుకుని చూస్తూ ఊరుకుందట. రెబ్కా మళ్ళీ మేడమీదికే వెళదామంటోంది. పనికిరాని కుక్క కోసం కింది వాటా ఎందుకంది. దానికి నేను పరాయివాణ్ణయ్యానేమో.

నువ్వు దానికి ఎలా పెట్టేవాడివో రాయి. కథలు వద్దనను ఈసారి. ఉన్నదంతా రాయి.

జక్రయ్య

*

సత్తెనపల్లి,
మే 4

ఒరేయ్ జక్రయ్యా,

నువ్వు కథలు వద్దననని రాసినప్పుడే అనుకున్నాను, పరిస్థితి బాగాలేదని. స్పీడు పోస్టులో పంపుతున్నాను.

ఇదొక్కటీ నీకు చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. సిగ్గుపడి. నువ్వు తీసుకెళ్ళేటప్పుడు సంచీ కట్టి ఇచ్చాను గానీ, వాడే పద్ధతి చెప్పలేదు. ఆ మేత మొదటి బిళ్ళ నేను తినాలిరా. మొదట్లో శాంపిలు చూడ్డానికి తిన్నాను. తరవాత రోజూ అదే చేపబిళ్ళే అయినా అలవాటు పోలేదు, దానికీ పోలేదు. నాలుగు నెలలు రెండు పూటలా నేను ఒకటి నమిలి, బాగుందని తలాడించాకే అది గిన్నెలో మూతి పెట్టింది. మీ ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన చేసుకుంటారు చూడు, మా ఇంట్లో అదే ప్రార్థన. నువ్వు కాంపౌండరువి, గిన్నె పెట్టి పక్కకి తప్పుకుని పళ్ళూ చిగుళ్ళూ చూస్తావు. పాపం అది ఇంకా మొదలుపెట్టలేదేమని నీ కోసం కూర్చుని ఉంది.

లుంగీ సంగతి నాకు తెలియదు. నేను చదువుకున్నవాణ్ణి కాదు. కానీ కలిసి తిననిదే ఎవరు ఎవరింటి మనిషో దానికెలా తెలుస్తుంది?

పళ్ళసెట్టు పెట్టుకునే తిను, కరుకుగా ఉంటుంది. రెబ్కాని అటు తిరగమను.

ఇక్కడ ఇల్లు బాగా శుభ్రంగా ఉంది. పొద్దున మర్చిపోయి డబ్బాలో మిగిలిన బిళ్ళ ఒకటి నమిలి, తలాడించి, చుట్టూ చూశాను.

బుల్లయ్య

*

వేటపాలెం,
మే 11

బుల్లయ్యకు,

తిన్నాను. ఉప్పు లేదు. ఎండుచేపల సంతలో బఠాణీలు అని నువ్వు రాసింది నిజమే. రెబ్కా అటు తిరగలేదు, మొత్తం చూసింది. చూసి, నాకు పెదాలు తెలిసేలా నిదానంగా, "నాన్నా, రేపు చర్చిలో ఈ సంగతి ఎవరికీ చెప్పకు" అంది. నేను తలాడించాను. ఆ తలాడింపు తనకనుకుంది తేజ. గిన్నె ఖాళీ చేసింది.

అప్పటినుంచీ రెండు పూటలా ప్రార్థన అయ్యాక ఒకటి నములుతున్నాను. నాలుగో రోజుకు రుచి అలవాటైంది. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనకు.

సంచీ అయిపోవచ్చింది. తరవాత అన్నమో, ఇంకో మేతో నువ్వే వచ్చి చూసి చెప్పు. నాకు నాలిక మీద రకం చెప్పడం రాదు. వచ్చేటప్పుడు చేతులు కడుక్కుని రా.

శాలువా పార్సిలులో పంపాను. రెబ్కా తేజకు పరుపు కుట్టింది, ఇక శాలువా అవసరం లేదు. ఉతకలేదు, వెంట్రుకలు దులపలేదు. ఇంతకుముందు ముగ్గురికి కప్పారు. నాలుగోవాడివి నువ్వు. సభ లేదు, డాక్టరమ్మను పిలిచి కప్పించుకో. తుమ్మితే ఏమీ అనుకోకు.

ఇంకో సంగతి రాద్దామనుకున్నాను గానీ ఆపాలి. ఇది రాస్తుండగా వచ్చి లుంగీ అంచు పట్టుకుంది. గట్టిగా లాగుతోంది. గేటు దగ్గర ఎవరో వచ్చినట్టున్నారు.

జక్రయ్య